టోపీ మీద నెమలి బాతెందుకైంది?

ప్రశ్న: అక్కా, నా పుట్టిల్లు పార్వతీపురం. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. అప్పటి నుంచీ కొరాపుట్ జిల్లా సిమిలిగుడలోనే ఉంటున్నాం. మావారికి సునాబెడలో ఉద్యోగం. పిల్లలిద్దరూ విశాఖలో చదువుకుంటున్నారు. ఇక్కడి చలి మీకు తెలుసు కదా, కిందటేడు ఊలు టోపీలు అల్లడం మొదలుపెట్టాను. సాదా టోపీలు బాగానే వచ్చాయి. ఇప్పుడు నా సొంత డిజైన్లతో రంగురంగుల టోపీలు అల్లాలని ఉంది. గ్రాఫు కాగితం మీద నెమలి వేసి అల్లితే బాతులా వచ్చింది. డిజైన్ ఉన్న చోట టోపీ బిగుసుకుపోతోంది, లోపలి దారాలు చెవి దిద్దులకు పట్టుకుంటున్నాయి. ఎరుపు, ఆకుపచ్చ కలిపి అల్లిన టోపీలో డిజైనే కనబడటం లేదు. మావారు ‘ఊరందరికీ టోపీ పెడుతున్నావా?’ అని నవ్వుతారు. మా ఆడపడుచు ‘ఏటి వదినా, ఈ రంగులేటి, పిల్లల టోపీల్లాగ?’ అంటూనే కార్తీకమాసం పిక్నిక్‌కి ఒకే రకం టోపీలు పన్నెండు అల్లిమ్మంటోంది. చాటికోనా సంతలో డొంగ్రియా గిరిజన ఆడవాళ్ళు కప్పుకునే శాలువా చూశాను. ఆ డిజైన్ వాడుకోవచ్చా? అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయా? ఇంకో చిన్న మాట: మా అత్తగారికి పెద్ద కొప్పు. ఏ టోపీ పెట్టినా పైకి జారిపోతోంది.
– ఒక పాఠకురాలు, సిమిలిగుడ

జవాబు: చెల్లెమ్మా, మీరు పంపిన ఫొటోలు మూడూ చూశాను. ఆ బాతుని చూసి నవ్వానని ఒప్పుకుంటున్నాను. నవ్వే హక్కు నాకుంది. నేను పర్లాకిమిడిలో ఉన్నప్పుడు మా తమ్ముడికి అల్లిన మొదటి టోపీ వాడి తలకు పట్టలేదు, ఇంట్లో ఇత్తడి బిందెకు మాత్రం సరిగ్గా సరిపోయింది. మా అమ్మ దాన్ని చాన్నాళ్ళు బిందె మీద మూతగానే వాడింది.

ముందు నెమలి సంగతి చూద్దాం. గ్రాఫు కాగితంలో గడి నలుచదరంగా ఉంటుంది, ఊలు కుట్టు అలా ఉండదు. దాని వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. మీరు వాడే డబుల్ నిట్ ఊలుతో (మధ్యరకం లావు ఊలు), ఎనిమిదో నంబరు సూదుల మీద, అంటే 4 మిల్లీమీటర్ల సూదుల మీద, 10 సెంటీమీటర్ల వెడల్పుకి దాదాపు 22 కుట్లు పడతాయి. అదే 10 సెంటీమీటర్ల ఎత్తు రావాలంటే 30 వరసలు అల్లాలి. మీరు 22 గడుల వెడల్పు, 22 గడుల ఎత్తులో నెమలిని గీశారనుకోండి. టోపీ మీద అది 10 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తు ఉంటుంది. మెడ కుదించుకుపోయి పొట్ట పక్కలకు సాగుతుంది. బాతు అందుకే వచ్చింది.

దీనికి నేను చేసే పని ఒకటే. తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి నా గడులు నేనే గీసుకుంటాను. గడి వెడల్పు 8 మిల్లీమీటర్లు, ఎత్తు 6 మిల్లీమీటర్లు. ఆ గడుల్లో బొమ్మ ఎలా కనిపిస్తే టోపీ మీద కూడా దాదాపు అలాగే వస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని పెద్ద కాగితం గీసి జిరాక్స్ తీయించి పెట్టుకోండి, ఈ చలికాలమంతా సరిపోతుంది.

అయినా ఇంత చిన్న టోపీకి నెమలి ఎందుకండీ? మెడ వంపు, తోక కన్నులు కుట్లలో పలకాలంటే చాలా జాగా కావాలి. కుట్లతో వంపు గీయడమంటే మెట్లు కట్టడమే. దగ్గర నుంచి చూస్తే మెట్లే కనబడతాయి. ధనుర్మాసంలో మీ చెయ్యి రోజూ చేసే పనే ఇక్కడా చెయ్యొచ్చు. మెలికల ముగ్గు వద్దు, అది కుట్లలో పగిలిపోతుంది. చుక్కల్ని నిలువు గీతలు, ఐమూల గీతలతో కలిపే ముగ్గులు మాత్రం చక్కగా కుదురుతాయి. చుక్కల లెక్క తప్పకుండా వాకిలి నిండా పరిచే మీకు 112 కుట్ల లెక్క ఒక లెక్కా? మార్గశిర గురువారాల్లో మీ పక్కింటి ఒడియావాళ్ళు బియ్యప్పిండి నీళ్ళతో వేసే ఝోటి కూడా చూడండి. అందులోని వరికంకుల గీతలు టోపీ అంచుకి బాగుంటాయి.

112 అన్నాను కదా, ఆ అంకె ఎక్కడిదో చెబుతాను. పెద్దవాళ్ళ తల చుట్టుకొలత సుమారు 56 సెంటీమీటర్లు. టోపీ కాస్త పట్టి ఉండాలంటే ఒక 5 సెంటీమీటర్లు తక్కువగా, 51 దగ్గర అల్లాలి. సెంటీమీటరుకి 2.2 కుట్ల చొప్పున 112 కుట్లు. ఈ అంకె నాకు ఎందుకిష్టమంటే, ఇది 4తోనూ 7తోనూ 8తోనూ 14తోనూ 16తోనూ శేషం లేకుండా పోతుంది. డిజైన్ ఎన్ని కుట్లకొకసారి తిరిగి మొదలవుతుందో ఆ సంఖ్యతో మొత్తం కుట్లు సరిగ్గా భాగించబడాలి. లేకపోతే వెనక భాగంలో సగం కోసిన బొమ్మ మిగిలిపోతుంది. మీ రెండో ఫొటోలో జరిగింది అదే.

ఈ లెక్కంతా మీ చేతి బిగువు నా చేతి బిగువులాగే ఉంటేనే నిజం. అందుకే ముందు ఓ అరచేతంత ముక్క అల్లి, తడిపి, ఆరబెట్టి, స్కేలు పెట్టి కుట్లు లెక్కపెట్టండి. మీకు 10 సెంటీమీటర్లకి 22 బదులు 20 కుట్లే పడ్డాయనుకోండి. రెండు కుట్లేగా అనిపిస్తుంది. కానీ అదే 112 కుట్ల టోపీ 56 సెంటీమీటర్లు తయారవుతుంది, కళ్ళ మీదికి జారుతుంది. మా బిందె టోపీ కథ ఇదే. ఆ ముక్క అల్లడానికి నాకు బద్ధకమేసింది. ఇప్పుడూ వేస్తుంది, అయినా అల్లుతాను.

ఇక బిగుసుకుపోవడం, దిద్దులకు పట్టుకోవడం. రెండింటికీ కారణం ఒకటే: టోపీ లోపల అడ్డంగా పోయే దారం. ఎర్ర కుట్లు వేస్తున్నంతసేపూ పసుపు దారం వెనకాల ఊరికే నడుస్తుంటుంది. మళ్ళీ పసుపు అందుకునేటప్పుడు దాన్ని గట్టిగా లాగితే ఆ మేర అల్లిక ముడుచుకుపోతుంది. రంగు మార్చే ముందు కుడి సూది మీదున్న కుట్లను వేళ్ళతో కాస్త విడదీసి పరచండి. అప్పుడు వెనక దారం తగినంత పొడవు తనే తీసుకుంటుంది. ఐదు కుట్ల కంటే ఎక్కువ దూరం పోవాల్సి వస్తే మధ్యలో ఒకసారి అల్లే దారంతో మెలిపెట్టండి. ఇక దిద్దులకు తగలదు. డిజైన్ ఉన్న భాగానికి మాత్రం అర మిల్లీమీటరు లావు సూది, అంటే ఏడో నంబరు, వాడి చూడండి. అంచు పట్టీకి పదో నంబరు చాలు.

మూడో ఫొటోలో ఒకే వరసలో నాలుగు రంగులు వాడారు. అక్కడే ఉంది చిక్కంతా. స్కాట్లాండ్ పైన షెట్‌లాండ్ దీవుల్లో ‘ఫెయిర్ ఐల్’ అని రంగుల అల్లిక ఉంది. చూస్తే ఏడెనిమిది రంగులున్నట్టు కనిపిస్తుంది, కానీ ఏ వరసలో చూసినా రెండే దారాలు నడుస్తాయి. రెండు వరసలయ్యాక ఒక రంగు పోయి ఇంకోటి వస్తుంది. మీరూ అంతే చేయండి. ఇంకో కిటుకు: రెండు దారాల్లో ఏది కింద నుంచి వస్తుందో ఆ రంగు ముందుకు ఉబికి కనిపిస్తుంది. డిజైన్ రంగును ఎప్పుడూ కింద నుంచే తీసుకోండి. మధ్యలో తారుమారు చేస్తే గీత తెగినట్టు ఉంటుంది.

మీరు రెండు సూదుల మీద అల్లి వెనక కుట్టు వేస్తున్నట్టున్నారు. రంగుల టోపీకి ఆ తంటా వద్దు. 40 సెంటీమీటర్ల సర్క్యులర్ సూది, అంటే రెండు మొనల్ని తీగతో కలిపిన సూది, ఒకటి కొనండి. గుండ్రంగా అల్లితే ప్రతి వరసా నిట్టే, అంటే సూటి కుట్టే, డిజైన్ వైపు ఎప్పుడూ మీకే కనబడుతుంది, తప్పు పడితే అక్కడికక్కడే తెలుస్తుంది. పర్ల్ వరసలో, అంటే తిరగ కుట్టు వరసలో, రెండు రంగులు మోయడం నాకు ఈ వయసులోనూ చిరాకే.

ఎరుపు, ఆకుపచ్చల మాటకొస్తే, పెళ్ళి పందిట్లో ఆ జోడీ ఎంత బాగుంటుందో ఊలు మీద అంత మోసం చేస్తుంది. ఆ రెండు ఉండలూ పక్కపక్కన పెట్టి ఫోనుతో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే వాటితో ఏ డిజైన్ వేసినా నాలుగడుగుల దూరం నుంచి కనబడదు. ఒకటి ముదురు, ఒకటి లేత ఉండాలి. నా మటుకు నేను టోపీకి నాలుగు రంగులు దాటను. ఒక ముదురు, ఒక లేత, మెరిసేవి రెండు. మెరిసేవాటిలో ఒకటి మరీ కొంచెమే, కూరలో ఇంగువలాగ.

ఆ నాలుగూ ఏవి అంటారా? షాపులో ఊలు ఉండల ముందు నిలబడి ఏరకండి. అక్కడ అన్నీ బాగానే కనిపిస్తాయి, అన్నీ కొనుక్కొస్తాం, ఇంటికొచ్చాక ఏదీ దేనితోనూ కలవదు. మీ ఊరి దారిలో ఓ ఉదయం నడిచి రండి. వర్షాలు తగ్గాక కొండవాలుల మీద వలిసె పూలు పూస్తాయి కదా, ఆ పసుపు. దున్నిన చేల ఎర్రమన్ను. దేవమాలి కొండ వైపు నుంచి దిగే పొగమంచు బూడిద. తడిసిన బండరాయి నలుపు. ఈ నాలుగింటితో ఒక టోపీ అల్లండి. అది పిల్లల టోపీలాగుందని మీ ఆడపడుచు కూడా అనలేదు. ఇంకో టోపీకి కోట్‌పాడ్ చీర చూడండి. తొగరు వేరుతో అద్దిన ఆ ముదురెరుపు, అన్నభేది కలిపితే వచ్చే నల్లగోధుమ, మధ్యలో రంగు వెయ్యని నూలు తెలుపు. మూడే రంగులు, అయినా చాలవనిపించదు. ఆ రంగులు మాత్రమే తీసుకోండి, ఆ నూలు మాత్రం టోపీకి వద్దు. నూలుకి సాగి మళ్ళీ ముడుచుకునే గుణం తక్కువ. నాలుగు రోజులు పెట్టుకుంటే టోపీ వదులైపోతుంది.

డిజైన్ దేనితో మొదలుపెట్టాలంటే, బరంపురం పట్టు చీర అంచులో గుడి గోపురంలా వరసగా నిలబడే కుంభం ఉంది చూశారా, దానితో. అడుగున ఏడు కుట్లు, దాని మీద ఐదు, తర్వాత మూడు, చివర ఒకటి. ఒక్కో మెట్టూ రెండు వరసలు అల్లాలి. కుంభానికీ కుంభానికీ మధ్య అడుగున ఒక్క కుట్టు ఖాళీ. మొత్తం ఎనిమిది కుట్లు, టోపీ చుట్టూ పద్నాలుగు కుంభాలు వస్తాయి. ఒక్కోటి 3 సెంటీమీటర్ల వెడల్పు, అంతకంటే కాస్త తక్కువ ఎత్తు. అడుగున ఏడు కుట్లున్న వరసల్లోనూ, కొసన ఒకే కుట్టు ఉన్న వరసల్లోనూ వెనక దారం ఏడు కుట్ల దూరం పోతుంది, ఆ రెండు చోట్లా మెలిపెట్టడం మర్చిపోకండి.

టోపీ పైభాగం గురించి మీరు అడగలేదు, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. 112 కుట్లను పద్నాలుగేసి చొప్పున ఎనిమిది భాగాలు చేయండి. ప్రతి భాగం చివర రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లండి. వరస విడిచి వరస ఇలా ఏడుసార్లు తగ్గిస్తే 56 మిగులుతాయి. అక్కడి నుంచి ప్రతి వరసలోనూ తగ్గిస్తే ఆరు వరసల్లో ఎనిమిదికి వస్తాయి. దారం తుంచి ఆ ఎనిమిదిలోంచి దూర్చి లాగి కట్టేయండి. తగ్గించిన చోట్లు ఎనిమిది గీతలై నడినెత్తికి చేరతాయి. మధ్యలో రంగు మారిస్తే పై నుంచి చూసినప్పుడు ఎనిమిది రేకుల ముగ్గే. టోపీ పెట్టుకున్నవాళ్ళకు అది కనబడదు, వెనక మెట్ల మీద నిలబడ్డవాళ్ళు చూస్తారు. తగ్గించేకొద్దీ కుట్లు తక్కువైపోయి సర్క్యులర్ సూది చుట్టూ చాలవు. రెండువైపులా మొన ఉండే చిన్న సూదులు నాలుగైదు ఉంచుకోండి.

డొంగ్రియా శాలువా సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. నియమగిరి కొండల్లో పెళ్ళికాని అమ్మాయిలు తెల్లని ముతక బట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో త్రికోణాలు, గీతలు కుట్టి అన్నదమ్ములకో మనసైనవాడికో ఇచ్చే కప్‌డాగండా అది. దానికి 2024 జనవరిలో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు వాళ్ళ చేతి పనికే చెందుతుంది. మీరు అల్లిన టోపీకి ‘డొంగ్రియా టోపీ’ అనో ‘కప్‌డాగండా టోపీ’ అనో పేరు పెట్టి అమ్మడం నాకు నచ్చదు, చట్టపరంగానూ చిక్కే. త్రికోణం ఎవరి సొత్తూ కాదు, మూడు రంగుల పొందికను చూసి నేర్చుకోవడంలోనూ తప్పులేదు. అచ్చంగా ఆ శాలువా డిజైనే దింపాలని మాత్రం చూడకండి. మళ్ళీ బుధవారం చాటికోనా సంతకు వెళ్తే, వాళ్ళు అమ్ముతానంటే బేరమాడకుండా ఒక శాలువా కొనుక్కోండి.

అమ్మకం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఏడాది దాని జోలికి పోవద్దనే నా ఉద్దేశం. రంగుల టోపీ ఒకటి అల్లడానికి నాకు పన్నెండు గంటలు పడుతుంది, మీకు ఇప్పుడు ఇంకా ఎక్కువే పడుతుంది. చలికాలం బజారులో మెషీన్ టోపీ పక్కన మీ టోపీ పెడితే కొనేవాళ్ళు ఆ గంటల లెక్క చూడరు. వాళ్ళ తప్పూ కాదు. ఎవరైనా ముచ్చటపడి అడిగితే ఊలు ఖరీదుకి మీ గంటల విలువ కలిపి నోరు తెరిచి చెప్పండి. ‘మీ ఇష్టం, ఎంతో కొంత ఇవ్వండి’ అనే మాట మన ఆడవాళ్ళ నోట్లో ఉన్నంత కాలం మన పనికి ధర రాదు.

పన్నెండు టోపీల పిక్నిక్‌కి మాత్రం మొహమాటం లేకుండా కుదరదనండి. ఒకే డిజైన్ పన్నెండుసార్లు అల్లితే పదమూడోసారి సూది పట్టబుద్ధి కాదు. అయినా మీ కొండ మీద సరే, కింద పార్వతీపురంలో కార్తీకమాసం మిట్టమధ్యాహ్నం ఉసిరిచెట్టు కింద ఊలు టోపీలేంటి చెప్పండి, పులిహోర తింటూ చెమటలు కక్కడానికా? ఆడపడుచుకి ఒక్క టోపీ అల్లివ్వండి, మంచిది. పెద్దవాళ్ళకు రంగులేమిటని మళ్ళీ అంటే ఈ కథ చెప్పండి. పెరూ దేశంలో టిటికాకా సరస్సు మధ్యలో టకీలే అనే దీవి ఉంది. అక్కడ టోపీలు అల్లేది మగవాళ్ళే, చిన్నప్పుడే నేర్చుకుంటారు. టోపీ రంగు చూసి ఆ మనిషికి పెళ్ళయిందో లేదో చెప్పేస్తారు. ఆ దీవి నేతపనిని యునెస్కో 2005లోనే గుర్తించింది. మీవారు వినేలా చెబితే ఇంకా మంచిది. ఊరందరికీ టోపీ పెట్టే పనిలో ఆయన్నీ ఓ చెయ్యి వెయ్యమనొచ్చు. సూదులు పట్టకపోయినా ఊలు ఉండలు చుడతారు.

ఉతకడం గురించి రెండు ముక్కలు. ముదురెరుపు పక్కన తెలుపు వాడేముందు ఎర్ర దారం మూరెడు తుంచి తడిపి తెల్లగుడ్డలో చుట్టి చూడండి, రంగు దిగితే అక్కడే తెలిసిపోతుంది. ఉతికాక పిండకండి. తువ్వాల్లో చుట్టి నీళ్ళు ఒత్తేసి, తలంత స్టీలు గిన్నె బోర్లించి దాని మీద ఆరేయండి. యాక్రిలిక్ ఊలుకి ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి, ఒక్కసారి వేడి తగిలితే సాగిపోయి మళ్ళీ దగ్గరకు రాదు. నిజమైన ఊలైతే వేసవికి దాచేటప్పుడు కలరా ఉండలు వేయండి.

ఇక అత్తగారి కొప్పు. ఆవిడకి టోపీ పైభాగం మూయకండి. తగ్గించుకుంటూ వచ్చి 40 కుట్లు మిగిలాక ఆపేసి, అక్కడి నుంచి రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున 2 సెంటీమీటర్లు అల్లి, వదులుగా ముగించండి. ఆ కన్నంలోంచి కొప్పు బయటికి వస్తుంది, టోపీ చెవుల దాకా దిగి నిలబడుతుంది. ముగించే ముందు ఒకసారి ఆవిడ తలకు పెట్టి చూడండి. పూలచెండు పెట్టుకునే అలవాటుంటే 48 కుట్ల దగ్గరే ఆపండి.